వాళ్లమ్మ కోసం క్రాన్‌బెర్రీ రసం

"దీన్ని జనం డబ్బులిచ్చి కొంటారా?" అన్నాడు అతను, గుటక మింగి మొహం ముడుచుకుంటూ.

"క్రాన్‌బెర్రీ అని విదేశీ పండండి. పంచదార కలపలేదు, అందుకే ఆ పులుపు. విటమిన్ సి ఉంటుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ మాటిమాటికీ వచ్చేవాళ్లకి మళ్లీ రాకుండా కొంత సాయపడుతుంది. క్రిములు లోపల అంటుకోకుండా అడ్డుపడుతుందట. జబ్బు వచ్చాక మాత్రం డాక్టరే గతి."

"జబ్బు తగ్గించదని మీరే చెప్పి అమ్ముతున్నారా? భలే బేరం."

"ఉన్నమాట చెప్పినందుకు కొనకపోతే పోనీండి."

అతను నవ్వి వెళ్లిపోయాడు. ఆ భవనంలో పాత లిఫ్టు తీసి కొత్తది బిగిస్తున్న మెకానిక్ అతను. ఆమె కింది అంతస్తు సూపర్‌మార్కెట్లో రెండువారాల కోసం పెట్టిన జ్యూస్ కౌంటర్లో పనిచేస్తోంది. పొద్దున పదింటి నుంచి అవే మాటలు. జనం ఫోన్లు చూసుకుంటూ చెయ్యి చాపేవారు, తాగేవారు, పోయేవారు. సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది గానీ, ఎవరితోనూ మాట్లాడినట్టు ఉండేది కాదు. అద్దెగదికి వెళితే అక్కడ ఉన్న కుర్చీ కూడా ఒక్కటే.

మర్నాడు అతను మళ్లీ వచ్చాడు. "ఒక సీసా ఇవ్వండి. మా అమ్మకి."

అప్పటినుంచి రోజుకో సీసా. కొన్నాక కూడా కదలడు, ఆమె చెప్పేదంతా వింటాడు. ఐదోరోజు, "నిన్న ఎండు క్రాన్‌బెర్రీల్లో పంచదార ఎక్కువుంటుంది, చూసి కొనమన్నారు. ఇవాళ ఎగ్గొట్టారేం?" అన్నాడు.

"మీరు నిజంగానే వింటున్నారా?"

"చెవులున్నాయిగా."

ఆ రాత్రి ఆమె తనలో తాను నవ్వుకుంది. మర్నాడు తనే పలకరించింది.

"అమ్మగారికి ఎలా ఉందండి?"

"పరవాలేదండి. గుండెకి మాత్రలు వాడుతోంది, రక్తం పలచబడేవి. కాస్త నీరసం."

అతను వెళ్లాక ఆ మాట ఆమెని పట్టుకు వదల్లేదు. పక్కనే ఉన్న మందుల దుకాణంలోని ఫార్మసిస్టుని అడిగింది. "అలాంటి మాత్రల్లో కొన్నిటికి ఈ రసం పడకపోవచ్చు. డాక్టర్ని అడక్కుండా రోజూ తాగకూడదు," అందావిడ.

ఆమె తన చేతులారా ఆరు సీసాలు ఇచ్చింది. అతని ఫోను నంబరు లేదు. మర్నాడు లిఫ్టు దగ్గర ఎవరూ లేరు. ఏదో సామాను కోసం వెళ్లాడన్నాడు వాచ్‌మన్. ఆ మర్నాడూ రాలేదు. ఎవరో తల్లి, ఏ ఊళ్లోనో, తన మాట నమ్మి ఆ గ్లాసు ఎత్తుతున్నట్టే కనిపించేది. ముద్ద దిగలేదు.

కౌంటరు ఆఖరిరోజు మధ్యాహ్నం అతను వచ్చాడు.

"అమ్మగారు బాగున్నారా? ముందు అది చెప్పండి."

ఆమె గొంతు విని అతను బెదిరాడు. "బాగానే ఉంది. ఏమైంది?"

ఆమె చెప్పింది. వింటూ వింటూ అతను తల దించుకున్నాడు.

"అమ్మకి ఏ జబ్బూ లేదండి. అక్క దగ్గర ఉంటోంది. మీరు అంత శ్రద్ధగా అడిగేసరికి ఏదో ఒకటి చెప్పాలని, మా మేస్త్రీ మింగే మాత్రల సంగతి చెప్పేశాను. సీసాలన్నీ పైన లిఫ్టు మోటారు గదిలోనే ఉన్నాయి."

"మరెందుకు కొన్నారు?"

"పొద్దుటినుంచీ ఆ లిఫ్టు గోతిలో ఒక్కణ్ణే ఉంటాను. ఇక్కడ ఓ మనిషి మాట వినపడుతుంది. ఊరికే నిలబడితే ఏం బావుంటుందని..."

"రెండ్రోజులు నేను ఒకళ్ల ప్రాణం తీశాననుకున్నాను," అంది ఆమె. "మీ మాట ఇక నమ్మను. ఫోన్ చెయ్యండి. ఆవిడతో నేనే మాట్లాడతాను."

అతను చేశాడు. "ఏరా, పగటిపూట ఫోనేంటి? ఎక్కడన్నా పడ్డావా?" అంది అవతలి గొంతు.

ఆమె ఫోను అందుకుంది. "అమ్మా, నేను జ్యూస్ కౌంటర్ నుంచి. మీరు రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారా?"

"నాకెందుకు తల్లీ, గుండ్రాయిలా ఉంటే. అయితే వాడు నన్ను మంచాన పడేశాడన్నమాట. చిన్నప్పటినుంచీ అంతే. మనిషి నచ్చితే వాడికి నోరు పెగలదు, ఏదో ఒకటి కల్పిస్తాడు."

ఫోన్లోంచి మాటలు పైకే వినిపిస్తున్నాయి. అతను గోడకేసి తిరిగాడు.

"ముక్కూమొహం తెలియని నాకోసం రెండ్రోజులు బెంగపెట్టుకున్నావా?" గొంతు మెత్తబడింది. "ఇవాళైనా తిన్నావా అమ్మా?"

ఆ మాట ఎవరైనా అడిగి ఎన్ని నెలలైందో. "లేదమ్మా," అని ఆమె ఫోను అతని చేతిలో పెట్టేసింది. అతను "సరే... సరేనమ్మా" అని పెట్టేశాడు.

"మీకు అన్నం పెట్టించేదాకా ఫోన్ చెయ్యొద్దంది. వస్తారా?"

"నాకింకా కోపం పోలేదు," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ.

"పోవక్కర్లేదండి. తింటూ తిట్టండి."

ఆమె ఏప్రన్ ముడి విప్పింది.