వెనక సీటులో ఎడమపక్క

కారును కిందికి దించే పొట్టి స్ప్రింగులు వేయించుకునేది మామూలుగా మీసాలు సరిగ్గా మొలవని కుర్రాళ్ళు. కారు నేలను రాసుకుంటూ పోతుంటే వాళ్ళకదో సరదా. మెకానిక్ మాత్రం వాటిని వాళ్ళమ్మ కోసం తెప్పించాడు. మోకాళ్ళు అరిగిపోయి ఆవిడ ఇల్లు కదిలి చాలా కాలమైంది. ఏ కారు తెచ్చి నిలబెట్టినా కాలు ఎత్తలేక, నొప్పికి కళ్ళనీళ్ళు పెట్టుకుని వెనక్కి తిరిగేది. సీటు నాలుగు వేళ్ళు కిందికి దిగితే చాలు, అమ్మ హాయిగా కూర్చుంటుంది, ఊరవతల ఉన్న పిన్నిని చూసొస్తుంది. అతని తాపత్రయమంతా అదే.

కారు సొంతానిదే. వరదలో మునిగిన బళ్ళను అమ్మేసే చోట చవగ్గా దొరికింది. దొరికింది సరే, దాని కంపుతోనే చచ్చే చావు. కార్పెట్లు పీకి పారేశాడు, సీట్లు సబ్బునీళ్ళతో తోమాడు, తలుపులు బార్లా తెరిచి ఎండబెట్టాడు. అయినా వెనక తలుపు తెరిస్తే చాలు, మూత పెట్టి మరిచిపోయిన మాంసం కూరలా గుప్పుమనేది.

"ఇందులో అత్తయ్యని కూర్చోబెడతావా? ఆవిడ నీకేం అపకారం చేసింది?" అన్నాడు బావ ముక్కు మూసుకుని.

బావ అంటే మెకానిక్ అక్క మొగుడు. మనిషి నిండైన విగ్రహం. షెడ్డులో ఏ బండికైనా బరువు పెట్టి చూడాలంటే ఇసుక బస్తాలు వెతికే పని లేదు, బావని పిలిస్తే సరిపోయేది. అందుకే ఆయనకి బస్తా బావ అని పేరు పడింది. ఆ పేరు ఆయనకీ ఇష్టమే.

ఆ మధ్యాహ్నం వాన పట్టుకుంది. కరెంటు పోయింది. షట్టరు సగం దించుకుని ఇద్దరూ పనిలో పడ్డారు. ముందు స్ప్రింగులు రెండూ, వెనక కుడివైపుదీ పేచీ లేకుండా ఊడొచ్చాయి. వెనక ఎడమవైపుది మాత్రం చుట్టకి చుట్ట ఆనుకుని అణిగిపోయి ఉంది. ఏళ్ళ తరబడి ఎవరో ఆ మూల దిగకుండా కూర్చున్నట్టు.

చుట్టల సందులో నల్లటి జిగురు పేరుకుని ఉంది. గ్రీజేమో అనుకుని వేలు పెట్టి లాగాడు. అది తీగలా సాగింది. దాంతోపాటు వెంట్రుకలు వచ్చాయి, తడితడిగా, మూరెడు పొడుగున. వాటి కుదుళ్ళకి తెల్లగా ఏదో అంటుకుని ఉంది. చేతిని ప్యాంటుకి ఎన్నిసార్లు తుడుచుకున్నా ఆ జిడ్డు వదల్లేదు.

"వరదలో కుక్కో పిల్లో ఇరుక్కుని ఉంటుందిలే," అన్నాడు బావ, అటు చూడకుండానే.

కొత్త స్ప్రింగులు ఎక్కించేశాక ఆఖరి పని ఒకటి మిగిలింది. చక్రాలు గాల్లో వేలాడుతుండగా కింది బోల్టుల్ని గట్టిగా బిగించకూడదు. బిగిస్తే లోపలి రబ్బరు మెలిపడి త్వరలోనే చిరిగిపోతుంది. కారును దింపి, లోపల మనిషిని కూర్చోబెట్టి, బరువు పడ్డాకే బిగించాలి. అందుకని చక్రాల కింద దుంగలు పెట్టి, కారును వాటి మీదికి దించి, స్పానరు పట్టుకుని వెల్లకిలా కిందికి దూరాడు మెకానిక్.

"బావా, వెనక ఎడమవైపు కూర్చో."

కారు కుంగింది. స్ప్రింగు కిర్రుమంది.

"ఇంకొంచెం తలుపు వైపు జరుగు."

బరువు మెల్లగా జరిగింది. భేష్ అనుకుని మొదటి బోల్టు బిగించాడు. రెండోదానికి స్పానరు తగిలిస్తుండగా, పైన కారు అడుగు రేకులో ఉన్న చిల్లు నుంచి ఒక చుక్క అతని పెదవి మీద పడింది. గోరువెచ్చగా ఉంది. తుడుచుకునేలోపే నోట్లోకి జారింది. చిక్కగా, తియ్యగా... కుళ్ళిన తీపి. ఉమ్మేశాడు. ఇంకో చుక్క కంటి పక్కన పడింది.

"ఛీ! ఏం ఒలకబోశావ్ బావా?"

పైన ఏదో తడిగుడ్డ పిండుతున్న చప్పుడు...

కారు ఇంకాస్త కుంగింది. స్ప్రింగు చుట్టలు ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. ఇంతకంటే దిగడానికి వీల్లేదు. అయినా దిగింది. రేకు అతని ఛాతీకి ఆనింది.

"బావా... దిగు... ఊపిరాడట్లేదు..."

అప్పుడే షట్టరు దగ్గర చెప్పుల చప్పుడైంది. బురద తొక్కుకుంటూ రెండు లావుపాటి పాదాలు లోపలికి వచ్చాయి.

"ఒరేయ్ బామ్మర్దీ, టీ తెచ్చాను. చల్లారకముందే తాగు."

ఛాతీ మీది బరువుకి మెకానిక్‌కి అరిచే వీల్లేదు. కాళ్ళు మాత్రం టపటపా కొట్టుకున్నాడు. బావ గ్లాసులు వదిలేసి, రెండు కాళ్ళూ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. వీపు చెక్కుకుపోయింది గానీ ప్రాణం దక్కింది.

వెనక సీటులో ఎవరూ లేరు. కారు మాత్రం దుంగల మీద ఇంకా కుంగే ఉంది, సీటు లోతుగా గుంట పడి ఉంది. ఆ గుంటలో నల్లటి నీళ్ళు ఊరుతున్నాయి.

"అమ్మని ఇందులో కూర్చోబెట్టేది లేదు," అన్నాడు మెకానిక్. "ఇవాళే దీన్ని తుక్కుకి పంపించేద్దాం."

బావ వెంటనే తలూపాడు. జోకు వెయ్యలేదు.

ఇద్దరూ పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళారు. మెకానిక్ నోట్లో సబ్బు వేసుకుని మరీ పుక్కిలించాడు. నాలుకను గోళ్ళతో గీరుకున్నాడు. ఆ తీపి పోలేదు. రెండుసార్లు డోకొచ్చి, పక్కనే ఉన్న మురుగు గుంటలో కక్కుకున్నాడు. బళ్ళు కడిగిన నీళ్ళన్నీ చేరే గుంట అది, పైన నూనె తెట్టు కట్టి ఉంటుంది.

తిరిగొచ్చేసరికి అమ్మ కారులో ఉంది.

ఇల్లు షెడ్డుని ఆనుకునే ఉంది మరి. కర్ర పట్టుకుని ఎలాగో వచ్చి, ఎవరినీ పిలవకుండా తనే తలుపు తీసుకుని కూర్చుంది. వెనక, ఎడమపక్క. మొహం వెలిగిపోతోంది.

"కాలు ఎత్తే పనే లేకపోయిందిరా నాన్నా! నా కోసం ఎంత కష్టపడ్డావురా!"

"అమ్మా, దిగు. ముందు దిగమ్మా!"

"దిగుతాలేరా, ఏమిటా కంగారు?"

చెయ్యి అందించబోయాడు. అక్కర్లేకుండానే దిగింది. ఆవిడ దిగగానే కారు పైకి లేచింది. పిట్టంత మనిషి దిగితే లేవాల్సినంత కాదు, జానెడు లేచింది. సీటులో గుంట పూడిపోయింది. కంపు కూడా పోయింది.

"హమ్మయ్య," అన్నాడు బావ, నమ్మకం లేని గొంతుతో.

అమ్మ అప్పటికే పెరట్లోకి నడుస్తోంది. కర్ర సీటు మీదే వదిలేసింది.

"నొప్పే లేదురా. ఎవరో నడుం పట్టుకుని నడిపిస్తున్నట్టుంది."

కొడుకు మనసు ఒక్క క్షణం సంతోషపడింది కూడా. అదే తలుచుకుంటే ఇప్పటికీ తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

మురుగు గుంట దగ్గర ఆగి, ఆవిడ గొంతుక్కూర్చుంది. ఆ మోకాళ్ళు చిన్నపిల్ల మోకాళ్ళలా మెత్తగా వంగాయి. తెట్టుని పక్కకి నెట్టి, దోసిలితో నీళ్ళు ముంచుకుని గటగటా తాగింది.

"అమ్మా!"

"దాహంరా," అంది మూతి తుడుచుకోకుండానే.

మళ్ళీ ముంచింది. ఈసారి తను తాగలేదు. తన పక్కన, తనంత ఎత్తులోనే, ఖాళీలోకి దోసిలి చాచి పట్టుకుంది.

ఒక్క చుక్కయినా కింద పడలేదు. దోసిలి మాత్రం ఖాళీ అయింది.