కాన్‌గెల్ది తాత వచ్చినప్పుడు

"రాత్రి దీపం ఇంకా ఆరనేలేదు, అప్పుడే మెలకువ వచ్చేసిందా?" అంది సైరగుల్ కూతురితో, పొయ్యిలోకి పిడకలు ఎగదోస్తూ.

కిటికీలోంచి చూస్తే మంచుకొండ మీద చందమామ ఇంకా తెల్లగా నిలబడి ఉన్నాడు. సైరగుల్ ఆ పేరు ఎన్నడూ అనదు. మా నరిన్ కొండల వైపు కోడళ్ళు అత్తమామల పేర్లు పలకరు. ఆ పేర్లలో దొర్లే మామూలు మాటల్ని కూడా పలకరు. ఆమె అత్తగారి పేరు అయ్‌సల్కిన్. మా మాటలో అయ్ అంటే నెల. ఆకాశంలో నెలా అదే, క్యాలెండరులో నెలా అదే. కాబట్టి సైరగుల్ నోట్లో చందమామ 'రాత్రి దీపం' అయ్యాడు, నెల 'ముప్పై రోజులు' అయింది. కాలం చేసిన మామగారు కొజుబై. కొజు అంటే గొర్రెపిల్ల. అందుకని ఆ ఇంటి కొట్టంలో గొర్రెపిల్లలు లేవు, 'మేమేలు' ఉన్నాయి. వినేవాళ్ళకి నవ్వొస్తుంది గానీ, పెళ్ళయిన నాటినుంచీ ఆవిడ ఒక్కసారి కూడా నోరు జారలేదు. ఊళ్ళో అత్తలంతా తమ కోడళ్ళకి ఆవిణ్ణే చూపించి దెప్పుతుంటారు.

"బడికి వెళ్ళను. తలనొప్పి," అంది కూతురు కుందుజ్, దుప్పట్లోంచి తల బయట పెట్టకుండానే.

"మళ్ళీనా?" తండ్రి కుబాత్ చేతిలో టీ గిన్నె ఆగిపోయింది. "పోయిన నెలా ఇదే పాట. ఆ ముందు నెలా ఇదే పాట. ఏడో తరగతికే ఇన్ని తలనొప్పులా నీకు?"

"పిల్లని ఆడిపోసుకోకురా," అంది అయ్‌సల్కిన్ ముసలమ్మ, రొట్టె మీద మీగడ రాసుకుంటూ. "నేను చదివానా పెట్టానా? మా పంతులు ఉత్త మొద్దు. వాడి మొహం చూడలేక నేనే మానేశాను. ఇప్పుడు నాకేం తక్కువైంది?"

ఆ మొద్దు పంతులు కథ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. కుబాత్ విసుక్కుంటూ టోపీ పెట్టుకుని గుర్రం దగ్గరికి వెళ్ళిపోయాడు. సైరగుల్ మాత్రం కూతురి దుప్పటి సర్ది, నీళ్ళు కాచి పోసిన సీసా ఒకటి చప్పుడు చేయకుండా కడుపు దగ్గర పెట్టింది. తలనొప్పికి సీసా కడుపు దగ్గర ఎందుకని ముసలమ్మకి తోచలేదు.

నిజానికి కుందుజ్‌కి చదువంటే ప్రాణం. ఆ పిల్ల నోట్లో పళ్ళకంటే ప్రశ్నలు ఎక్కువ. గుర్రం నిలబడి ఎందుకు నిద్రపోతుంది, మంచు అడుగున గడ్డికి ఊపిరెలా ఆడుతుంది, మీసాలు నాన్నకే ఎందుకు, ఇలా అడిగి అడిగి ఎదుటివాళ్ళని అలసగొట్టి గానీ వదలదు. అలాంటి పిల్లకి శరత్కాలంలో ఒకరోజు ఒంట్లోంచి రక్తం వచ్చింది. కొట్టంలో పాలు పితుకుతున్న తల్లి దగ్గరికి పరుగెత్తింది.

"అమ్మా, నేను చచ్చిపోతానా?"

"ఛ, నోర్ముయ్. అందరాడాళ్ళకీ వచ్చేదేలే," అని సైరగుల్ పాత దుప్పటి చింపి ముక్కలు చేసి చేతిలో పెట్టింది. "ఉతికి గడ్డి వెనకాల ఆరెయ్యి. మీ నాన్న కంట పడనివ్వకు."

"దీన్నేమంటారు?"

సైరగుల్ తల తిప్పుకుంది. "పేరు అడక్కు. ఆ పేరు నా నోట రాకూడదు."

అంతే, కుందుజ్ చెవులు నిక్కపొడుచుకున్నాయి. అమ్మ నోట రాకూడని మాటలంటే ఆ పిల్లకి బాగా తెలుసు. అవన్నీ పెద్దవాళ్ళ పేర్లు. అయితే ఇదీ ఎవరో పెద్దాయన పేరే అయి ఉండాలి. ఎవరాయన?

మా వైపు పిల్లలకి మాటలు రాగానే ఏడు తరాల తాతల పేర్లు నేర్పుతారు. అవి రానివాణ్ణి మనిషి కింద లెక్కగట్టరు. కుందుజ్ రోజూ పడుకునే ముందు వాటిని ఒక్కొక్కటే నోట్లో వేసుకుని నమిలింది. కుబాత్, కొజుబై, తోకోయ్, ఎసెన్, జానిబెక్, కాన్‌గెల్ది... అక్కడ ఆగిపోయింది. కాన్ అంటే రాజు, రాజు వచ్చాడని ఆ తాతకి ఆ పేరు పెట్టారు. కానీ కాన్ అంటే రక్తం కూడా. 'రక్తం వచ్చింది!' కుందుజ్ దుప్పట్లోనే లేచి కూర్చుంది. దొరికింది! పాపం అమ్మ ఎలా అంటుంది మరి? పిల్ల ఆ రాత్రంతా తనలో తను మురిసిపోయింది.

పేరు దొరికింది గానీ కష్టం తీరలేదు. రెండోసారి వచ్చినప్పుడు ధైర్యం చేసి బడికి వెళ్ళింది. రెండో పాఠం నడుస్తుండగానే గుడ్డ జారింది. మరుగుదొడ్డి ఆవరణ చివర ఉంది, తలుపుకి గొళ్ళెం లేదు, లోపల నీళ్ళు లేవు. బయట కుర్రాళ్ళు ఆ తలుపు మీదికే మంచు ఉండలు విసురుతున్నారు. కుందుజ్ ఒక చేత్తో తలుపు పట్టుకుని, ఒక చేత్తో గుడ్డ సర్దుకోబోయి, రెండూ కుదరక ఏడుస్తూ ఇంటికొచ్చేసింది. అప్పట్నుంచీ ఆ రోజులు వచ్చినప్పుడల్లా తలనొప్పే.

ఇవాళ కూడా తలనొప్పని బడి మానేసిన సాయంత్రమే దమీరా టీచర్ వాళ్ళింటికి వచ్చింది. ముసలమ్మ ఆవిణ్ణి పెద్దపీట వేసి కూర్చోబెట్టింది. సైరగుల్ టీ పోస్తుంటే, కుబాత్ వినయంగా రొట్టె తుంచి ముందు పెట్టాడు.

"ఎలా చెప్పాలో తెలీడం లేదు," అంది టీచర్. "నరిన్ పట్నం బడికి మన ఊరి నుంచి ఒక్కరినే పరీక్షకి పంపనిస్తారు. మీ కుందుజ్ పేరే రాద్దామనుకున్నాను. అంత తెలివైన పిల్ల ఇన్నేళ్ళలో నాకు తగల్లేదు. కానీ నెలనెలా బడి ఎగ్గొడుతోంది. పట్నంలో అలా కుదరదు కదా. రేపు ఇంకొకరి పేరు రాసేస్తాను. ముందు మీకు చెప్పకపోతే బాగుండదని వచ్చాను."

గోడవార కూర్చున్న కుందుజ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. పట్నం బడిలో సూక్ష్మదర్శిని ఉంటుందని, గడ్డి ఊపిరి దాంట్లో కనిపిస్తుందని టీచర్ చెప్పిన రోజునుంచీ ఆ పిల్ల కల అదే.

కుబాత్ కోపం కట్ట తెంచుకుంది. "విన్నావా? తలనొప్పీ లేదు, నా తలకాయా లేదు. అబద్ధాలు! చదువు ఇష్టం లేకపోతే చెప్పు, రేపే గొర్రెల వెంట కొండమీదికి నడు."

"ఇష్టం లేక కాదు నాన్నా!"

"మరి?"

కుందుజ్ తల్లి వైపు చూసింది. తల్లి టీ గిన్నెలోకి చూస్తోంది. ఇక లాభం లేదనుకుని ఆ పిల్ల గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"కాన్‌గెల్ది తాత వచ్చినప్పుడు నేను బడికి వెళ్ళలేను."

కుబాత్ ముందుకి వంగాడు.

"ఏ కాన్‌గెల్ది?" అన్నాడు కుబాత్ మెల్లగా.

"మన కాన్‌గెల్ది తాతే. జానిబెక్ తాతకి నాన్న."

"ఆయన పోయి యుగాలైంది కదే!"

"అయినా వస్తున్నాడు."

ముసలమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. చచ్చిపోయిన పెద్దలు ఇంటికి వస్తున్నారంటే మాటలా? "అయ్యో, అయ్యో! పెద్దాయనకి మనం ఏం లోటు చేశామో ఏమో! సైరా, మూకుడు పెట్టు. నూనె కాగనీ. ఆ వాసన తగిలితే గానీ ఆయన శాంతించడు. నేను పిండి కలుపుతా. ఏమే పిల్లా, వచ్చి ఏమంటున్నాడు?"

"ఏమీ అనడు. కడుపునొప్పి తెస్తాడు. నాలుగు రోజులుండి పోతాడు. మళ్ళీ కొన్నాళ్ళకి వస్తాడు."

పిండి గిన్నె వైపు చాచిన ముసలమ్మ చెయ్యి గాల్లో ఆగింది. "కడుపునొప్పా?"

"ఊఁ. అమ్మ గుడ్డలు ఇచ్చింది కదా ఆయన కోసం. గడ్డి వెనకాల ఆరేస్తే చలికి బిగుసుకుని అట్టల్లా అయిపోతున్నాయి. అవి పెట్టుకుంటే ఒరుసుకుపోతోంది నానమ్మా."

మొదట అర్థమైంది దమీరా టీచర్‌కి. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. తరవాత ముసలమ్మకి అర్థమైంది. ఒక్క క్షణం కళ్ళు మిటకరించి, ఆ వెంటనే పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ తలగుడ్డ జారిపోయింది. "ఓసి నీ అసాధ్యం కూలా! ఆ మీసాల ముసలాణ్ణి తెచ్చి ఎక్కడ కూర్చోబెట్టావే!" కుబాత్‌కి అందరికంటే ఆఖర్న అర్థమైంది. చెవులదాకా ఎర్రబడి, గుర్రానికి గడ్డి వేశానో లేదో అని గొణుక్కుంటూ లేచాడు.

"కూర్చోరా," అంది ముసలమ్మ. "ఆడపిల్ల తండ్రివి. విను." ఆపైన కోడలి వైపు తిరిగింది. నవ్వు పోయింది. "ఏమే సైరా, నీకసలు బుద్ధుందా? కన్నతల్లివి, పిల్లకి నాలుగు ముక్కలు చెప్పలేకపోయావా? దాని పేరేమిటో కూడా చెప్పలేదా?"

పెళ్ళయిన నాటినుంచీ గొంతు పెంచని సైరగుల్, చేతిలోని కెటిల్ ఠక్కున కింద పెట్టింది.

"ఎలా చెప్పమంటారు అత్తయ్యా? చెప్పాలంటే మీ పేరు అనాలి!"

సైరగుల్ అక్కడితో ఆగలేదు.

"అందరాడాళ్ళూ అనే మాటేగా అది. మొదటి అక్షరమే మీ పేరులోది. నేనెలా అంటాను? పోనీ కొందామంటే ఊళ్ళో ఉన్నది ఒక్క దుకాణం. అది బావగారిది. ఆయన ముందు నేను తలెత్తి ఉప్పు కూడా అడగను, పిల్లని పంపిస్తాను. ఇదెలా అడుగుతాను? దీనికి పిల్లని ఎలా పంపుతాను? నాకోసం ఎన్నడూ అడగలేదు. నాకు గుడ్డలు చాలు. నేను ఇంట్లో ఉండేదాన్ని. అది బడికి వెళ్ళాల్సిన పిల్ల!" సైరగుల్ ఏడుపు ఆపుకోలేకపోయింది. "మంచి కోడలు, మంచి కోడలు అని ఊరంతా అంటే పొంగిపోయాను. నా మంచితనం పిల్ల చదువు తినేస్తోందని నాకు తెలుసు. తెలిసీ నోరు పెగల్లేదు."

కుందుజ్ తల్లిని కళ్ళార్పకుండా చూస్తోంది. అమ్మ ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం ఆ పిల్ల ఎప్పుడూ వినలేదు.

"నాకూ తెలుసు," అంది దమీరా టీచర్ నేల చూపులు చూస్తూ. "ఆ మరుగుదొడ్డికి గొళ్ళెం లేదని తెలుసు. మా ఇల్లు బడి పక్కనే కాబట్టి నేను ఇంటికి పరుగెత్తుతాను. ఎక్కువగా మానేసేది ఆడపిల్లలే అని హాజరు వేసేటప్పుడు చూస్తూనే ఉన్నాను. ఎందుకని ఒక్కరినీ అడగలేదు."

ముసలమ్మ జారిన తలగుడ్డ సరిచేసుకుంది.

"మా పంతులు మొద్దేం కాదు," అంది. "చాలా మంచివాడు. నల్లబల్ల దగ్గరికి పిలిచి లెక్క చెయ్యమన్నాడు. చేశాను. తప్పు లేకుండా చేశాను. వెనక్కి తిరిగి వస్తుంటే అందరూ నా గౌను వెనక చూసి నవ్వారు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. ఎందుకు మానేశావని ఎవరడిగినా పంతుల్ని తిట్టాను. ఆయనేం పాపం చేశాడు?"

పొయ్యిలో పిడక విరిగి పడింది. ముసలమ్మ చెయ్యి చాచి కోడలి గడ్డం పట్టుకుంది.

"అను."

"ఏమిటి అత్తయ్యా?"

"నా పేరు అను. నేనే చెప్తున్నాగా. పిల్ల ముందు అను."

సైరగుల్ పెదవులు కదిలాయి గానీ గొంతు రాలేదు. కూతురి మొహం చూసింది. "అయ్..." అంది. మళ్ళీ అంది. "అయ్. నెలసరి అంటారే దీన్ని. నెలకోసారి వస్తుంది. వచ్చిందంటే నువ్వు ఆరోగ్యంగా ఉన్నావని. నువ్వు చచ్చిపోవే తల్లీ. ఆ రోజే చెప్పాల్సింది." అని కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది.

కుందుజ్ తల్లి ఒళ్ళోంచే అడిగింది. "నెలకే ఎందుకు? వారానికి ఎందుకు రాదు? ఆ రక్తం ఎక్కడుంటుంది? గుర్రాలకీ వస్తుందా?"

"మొదలెట్టింది," అంది ముసలమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "టీచరమ్మా, ఇది నీ వంతు."

మర్నాడు ముసలమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని దుకాణానికి వెళ్ళింది. ఆవిడ మరిది కొడుకు బెక్‌బోలోత్ దుకాణం నిండా మనుషులున్నారు. "ఆ సబ్బుల వెనకాల దాచావే ప్యాడ్లు, అవి ఇటు తియ్యి," అంది గట్టిగా. అతను తడబడుతూ వాటిని పాత పేపరులో చుట్టబోయాడు. "పేపరెందుకురా? రొట్టెకి చుడతావా?" అని లాక్కుని, అందరి ముందూ సంచిలో వేసుకుంది. అదే సమయంలో కుబాత్ కొట్టం తలుపుకున్న ఇనప గొళ్ళెం ఊడదీసి, సుత్తి పట్టుకుని బడి వైపు వెళ్ళాడు. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో దారంతా ఆలోచించుకున్నాడు. ఎవరూ అడగలేదు. దమీరా టీచర్ ఒక బకెట్టు నీళ్ళు తెచ్చి ఆ మరుగుదొడ్డి లోపల పెట్టి, తరగతికి వెళ్ళి కుందుజ్ పేరు రాసి పంపింది.

పట్నంలో పరీక్ష రోజు రానే వచ్చింది. సరిగ్గా ఆ రోజే కుందుజ్‌కి కడుపునొప్పీ వచ్చింది. అయినా పిల్ల లేచి, జడలు వేసుకుని, బూట్లు తొడుక్కుని గేటు దాకా వెళ్ళింది. వీధిలో వ్యాను ఆగి ఉంది. సైరగుల్ గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. తెల్లవారుతున్నా చందమామ కొండ మీదే ఉన్నాడు.

"కుందుజ్! అయ్ ప్యాడ్లు సంచిలో పెట్టుకున్నావా?"

వీధి వీధంతా వినపడేలా అరిచింది.

"పెట్టుకున్నానమ్మా!"

లోపల్నుంచి ముసలమ్మ కర్ర తాటించుకుంటూ వచ్చింది. "ఎవరూ? నన్నెవరు పిలిచింది?"

"మిమ్మల్ని కాదు అత్తయ్యా," అంది సైరగుల్ నాలిక కరుచుకుని. "నేనే. దాన్ని..."

ముసలమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఊళ్ళో అందరికీ ఆవిడ నానమ్మ, పెద్దమ్మ, అత్తయ్య. 'అయ్' అని పొద్దున్నే వాకిట్లో నిలబడి పిలిచే మనిషి ఒక్కడే ఉండేవాడు. భర్త కొజుబై పోయాక ఆ పిలుపు ఈ ఇంట్లో మళ్ళీ వినపడలేదు. కోడలు ఎంత మంచిదైతే పేరు అంత వినపడకుండా పోయింది.

వ్యాను కదిలింది. కిటికీలోంచి కుందుజ్ చెయ్యి ఊపుతోంది.

"సైరా," అంది ముసలమ్మ, కోడలి చెయ్యి వెతుక్కుని పట్టుకుంటూ. "ఇంకోసారి అను."