వాడినా వాడని స్టాంపు

స్టాంపుల షాపు ముసలాయన్ని పట్టపగలు పదకొండు గంటలకు చంపేశారు. కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు, చేతిలో పట్టకారుతో. అంతకు ఐదు నిమిషాల ముందు ఇంటెలిజెన్స్ హెడ్ క్వార్టర్స్‌కు ఫోన్ చేసి ఒక్క ముక్క చెప్పాడు.

"ఒక స్టాంపొచ్చింది. వాడారు, కానీ వాడలేదు."

లైన్ తెగింది.

చీఫ్ నత్తను పిలిచాడు. పదిహేనేళ్లు పోస్టాఫీసులో ఉత్తరాలు సార్ట్ చేసి ఏజెంటైనవాడికి సూటూబూటూ ఆఫీసర్లు పెట్టిన పేరది. వాళ్ల వెటకారం వాళ్లది. నత్త తమ్ముడు ఇప్పటికీ రేవులో బస్తాలే మోస్తున్నాడు.

"ముసలాయన మన ఇన్ఫార్మర్. విదేశీ ముఠా ఈరోజే బాంబు పేలుస్తోంది. ఎక్కడ, ఎప్పుడు అన్నది ఆ స్టాంపులో ఉంది. స్టాంపుల ఎక్స్‌పర్ట్‌ను తోడు పంపుతున్నా. ఆవిడ చెప్పినట్టు విను."

ఆ ఎక్స్‌పర్ట్ నీలం గ్లౌజుల మేడమ్. ఆమె అడుగుపెట్టగానే షాపులో రక్తం వాసన పోయి సెంటు వాసన నిండింది. అది ఇంకా భయంగా ఉంది.

సొరుగులన్నీ చిందరవందరగా ఉన్నాయి. లక్షలు చేసే ఆల్బమ్‌లు మాత్రం చెక్కుచెదరలేదు. కౌంటర్ మీద ఒక రేకు డబ్బా, దాన్నిండా రాజు తల ఉన్న ఎర్ర స్టాంపులు. వందేళ్ల నాటివి, అన్నిటి మీదా పోస్టాఫీసు ముద్ర.

"చెత్త," అంది మేడమ్. "లక్షలకొద్దీ అచ్చేసిన రకం. పైగా వాడినవి. నేను ఆఫీసుకు తీసుకెళ్లి చూస్తాలే, మీరు ఆల్బమ్‌లు చూడండి నత్తగారూ."

చెత్త అయితే తీసుకెళ్లడమెందుకు?  నత్త మూలనున్న కెటిల్ ఆన్ చేసి, స్టాంపులన్నీ బల్ల మీద బోర్లా పరిచాడు.

"టీ తాగే టైమా ఇది?"

"కాదు మేడమ్."

గడియారం పన్నెండు దాటింది. కెటిల్ పొగలు కక్కింది. నత్త ఆవిరిని వరసగా స్టాంపుల మీదికి పట్టాడు. మూడొందల స్టాంపులు కదల్లేదు. ఒక్కటి మాత్రం ఒళ్లు విరుచుకున్నట్టు మెల్లగా చుట్టుకుంది.

"దీని వెనక గమ్ ఇంకా ఉంది, ఆవిరికి అందుకే చుట్టుకుంది," అన్నాడు నత్త.

"ఉంటే?"

"కవరు మీంచి తడిపి తీసినదానికి గమ్ మిగలదు. ఇది కవరెక్కలేదు, కానీ ముద్ర పడింది. వాడారు, కానీ వాడలేదు. సార్టింగ్ గుమాస్తాకే తెలిసిన ముక్క. ఎక్స్‌పర్ట్‌కు తెలీదా?"

మేడమ్ నవ్వింది. చేతిలో లైటర్ మెరిసింది. దాని మూతిలో తూటా దూసుకొచ్చే గొట్టం.

"ముసలాడూ ఇంతే తెలివి చూపించాడు."

వాటర్‌మార్క్ చూడ్డానికి ముసలాయన వాడే, పెట్రోలులా అంటుకునే బెంజీన్ సీసా నత్త చేతికి అందింది. విసిరాడు. నీలం గ్లౌజు మోచేతిదాకా తడిసింది.

"నొక్కు. ఒక్క నిప్పురవ్వ చాలు, తూటా కంటే ముందు నువ్వే అంటుకుంటావ్."

ఆమె వేలు తీసేసింది. లైటర్ కింద పడింది. నత్త ఆమె చేతులు ఇంకో కుర్చీకి కట్టేసి, స్టాంపు తిప్పి భూతద్దం పెట్టాడు. ముద్రలో ఈరోజు తేదీ, సంవత్సరం మాత్రం వందేళ్ల కిందటిది. దక్షిణ రేవు. నాలుగు. 12.20.

నాలుగో గేటు. పన్నెండూ ఇరవైకి షిఫ్టు దిగే ఆరొందల మంది కూలీలు. అందులో తమ్ముడు.

టైమ్ పన్నెండూ పదకొండు. రేవు ఆఫీసుకు ఫోన్ చేశాడు. "రాతపూర్వక ఆర్డర్ ఉందా?" అన్నాడు సూపర్‌వైజర్. వాణ్ని తిట్టడానికి కూడా టైమ్ లేదు. కూలీల షెడ్డుకు చేసి తమ్ముణ్ణి పిలిపించాడు.

"ఏంట్రా అన్నయ్యా, పనిలో ఉన్నా."

"ఇప్పుడే సైరన్ కొట్టు. అందర్నీ రెండో గేటు నుంచి తోలు. నాలుగు వైపు పురుగు కూడా పోకూడదు."

"ముందే కొడితే ఉద్యోగం పీకేస్తారురా!"

"పీకనీ. పీకడానికి నువ్వుండాలి కదా!"

రిసీవర్ వేలాడిన చప్పుడు. అరుపులు. సైరన్. తర్వాత ఏమీ లేదు. నత్త రిసీవర్ చెవికి అతికించుకుని నిలబడ్డాడు. పన్నెండూ ఇరవైకి షాపు అద్దాలు గడగడలాడాయి.

ఎంతసేపటికో దగ్గు వినిపించింది.

"అన్నయ్యా... గేటు పోయింది. మేమందరం ఉన్నాం."

సాయంత్రం చీఫ్ ఆ స్టాంపును వెలుతురులో పట్టుకుని చూశాడు. "ఇంతకీ ఎంత చేస్తుందోయ్?"

"అసలైనవి గుప్పెడు కొంటే చిల్లరకొస్తాయి. దీనికి అదీ రాదు సార్, ముద్ర దొంగది."

వారానికి తమ్ముడికి రేవు ఆఫీసు నుంచి మెమో వచ్చింది. అనుమతి లేకుండా సైరన్ కొట్టినందుకు సంజాయిషీ ఇవ్వాలట. నత్తకు నమ్మబుద్ధి కాలేదు. కవరు మీది స్టాంపు తడిపి, ఒలిచి, ఆరబెట్టి, ఆవిరి పట్టి చూశాడు.

చుట్టుకోలేదు. అసలైనదే.