మణుగు ప్రభుదాసు ఆపిన గోలు

ఆ ఆదివారం పొద్దున ప్రభుదాసు ఖాజా హోటల్లో పచ్చిమిరపకాయ కొరికి, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా గట్టిగా అరిచాడు. "రూతు లెక్క గోల్‌కీపర్ ఈ పట్నంల ఇంకోతి లేదు! ఆమెను ఈడనే ఉంచాలె!" అరిచి, గోడ మీది తూకపుపలక వైపు ఆశగా చూశాడు. రూతును ఉంచాలన్న మాట ఎదుట సున్నా అలాగే ఉంది.

"ఇంకోటి కొరుకు ప్రభన్నా" అన్నాడు ఖాజా, చాయ్ గ్లాసు ముందు పెడుతూ.

"నోరు మండుతుంది గని గుండె మండుతలేదురా. దానికి తెలుస్తది."

దానికి నిజంగానే తెలుసు. చెవి వెనక చర్మం కింద నువ్వుగింజంత ఉండే ఆ చెవిగింజకు పరుగెత్తిన గుండె ఏదో, మిరపకాయ తిన్న గుండె ఏదో, నిజంగా రగిలిన గుండె ఏదో ఇట్టే తెలిసిపోతుంది. గుండెతూకం మొత్తం నిలబడ్డది ఆ తెలివి మీదే.

ఓట్లు పోయి ఒక తరం దాటింది. పెదవి మాట కాదు, గుండె మాట వింటామని చెప్పి సర్కారు పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతివారికీ చెవిగింజ పెట్టింది. ఎవరైనా 'ఇది కావాలి', 'ఇది వద్దు' అన్నప్పుడు ఆ క్షణాన వాళ్ళ గుండె ఎంత రగిలితే ఆ మాటకు అంత బరువు. తులం, దానికన్నా బరువైన వీశె, అన్నింటికన్నా బరువైన మణుగు అంటూ తాతల నాటి తూనికల పేర్లే మళ్ళీ వాడుకలోకి తెచ్చారు. వారం పొడుగునా బస్తీ మాటలన్నీ ఒక పళ్ళెంలో పడతాయి. ఆదివారం సాయంత్రం ఆరింటికి తూకం మూస్తారు. అన్నింటికన్నా బరువైన మాట ఒక్కటంటే ఒక్కటే మర్నాడు అమలవుతుంది. మిగతావన్నీ గాలికి పోతాయి.

మంచి జరగలేదని అంటే కళ్ళు పోతాయి. వంతెన కింద ముసలమ్మ మురికికాలువలో జారిపడి, లేవకుండానే సర్కారు వంశాన్నంతా తిట్టిపోస్తే, ఆ వారమే కాలువకు మూతలు పడ్డాయి. ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టినా కాని పని అది.

ప్రభుదాసు వాళ్ళ బస్తీ లాలాగూడకు ఫుట్‌బాల్ పిచ్చి అంతకుముందు నుంచే ఉంది. గుండెతూకం వచ్చాక ఆ పిచ్చికి ఒక పని కూడా దొరికింది. ఆటలో గుండె ఎలాగూ రగులుతుంది. సగం ఆట విరామంలో, ఆ వేడి ఆరకముందే లేచి బస్తీ సంగతులు అరవడం అక్కడ ఆచారమైపోయింది. రెఫరీని తిట్టిన నోటితోనే నీళ్ళ ట్యాంకరును తిట్టేవారు. పక్క బస్తీల వాళ్ళు చర్చలు పెట్టుకుని, ఒకరి మాట ఒకరు మన్నించుకుని తులాలు కూడబెట్టుకుంటుంటే, లాలాగూడ ఒక్క ఫ్రీకిక్కుతో వీశెలు పోగేసేది.

అందులో లిఫ్టులు బాగుచేసే ప్రభుదాసుది సింహభాగం. ఒకసారి ఆఫ్‌సైడు గోలు మీద రగిలి, అదే ఊపులో కరెంటు కోత గురించి అరిస్తే ఆ ఒక్క మాటే మణుగు తూగింది. అప్పటినుంచీ అతను మణుగు ప్రభుదాసు. అతనికి అభిప్రాయం లేని విషయం భూమ్మీద లేదు. చాయ్‌లో అల్లం వేసేవాడు చాయ్‌ని నమ్మనివాడని, మూడంతస్తులు దాటని లిఫ్టుకు అద్దం దండగని, వెనక్కి పాస్ ఇచ్చేవాడికి పిల్లనివ్వకూడదని అతని సిద్ధాంతాలు. "ఓట్లున్న కాలంల లీడర్లు ఎట్లుండిరో ఎర్కేనా? గోల్ ముంగట నిలబడి బంతికోసం ఎదురుచూసుడే. ఉరుకుడు మనం, దండలేసుకునుడు వాళ్ళు" అని ఖాజా హోటల్లో చెబుతుంటే ఓటు మొహం చూడని కుర్రకారు నోరు తెరుచుకుని వినేది.

ఆ గొంతే ఇప్పుడు ఇంటిని కాల్చింది. రూతు అతని సొంత అక్క దీనమ్మ కూతురు. చిన్నప్పుడు సందులో రెండు ఇటుకలు పెట్టి, వాటి మధ్య ఆమెను నిలబెట్టి, బంతికి భయపడొద్దని నేర్పింది అతనే. ఇప్పుడామెకు పద్దెనిమిది దాటాయి, లాలాగూడ ఆడపిల్లల జట్టుకు గోల్‌కీపరు. పోయిన ఆదివారం ఆట ఆరు దాటి ముగిసింది. ఆఖరి నిమిషంలో నేల మీద దొర్లుకుంటూ వచ్చిన సాదా బంతి ఒకటి ఆమె చేతుల కింద నుంచి జారి గోల్లోకి పోయింది. ప్రభుదాసు లేచి నిలబడ్డాడు. మేనకోడలన్న సంగతి ఆ క్షణాన అతనికి గుర్తుందో లేదో దేవుడికే తెలియాలి.

"ఈ పోరిని బస్తీల కెల్లి ఎల్లగొట్టాలె!" అని అరిచాడు. మైదానం చుట్టూ గట్టు మీది జనమంతా అదే అందుకున్నారు.

అంతకుముందు అలా ఎందరో అరిచి ఉంటారు. కానీ ఆరు దాటాక పడ్డ మాట కొత్త వారపు ఖాళీ పళ్ళెంలో పడి, మొదటిరోజే కొండలా కూర్చుంది. మనిషిని బస్తీ దాటించే చట్టం ఒకటుంది. తాగి గొడవచేసేవాళ్ళ కోసం పెట్టింది. గోల్‌కీపరు కోసమని ఎవరూ రాయలేదు, కానీ గోల్‌కీపరుకు వర్తించదనీ రాయలేదు. మూడేళ్ళు ఆదిలాబాదులో ఉండాలి, బస్తీ పొలిమేర తొక్కరాదు. ఉత్తర్వులో అందరికన్నా బరువుగా అరిచినవాడి పేరు కూడా ఉంటుంది. గౌరవం కోసమట. దాన్ని తొలిగొంతు అంటారు.

అన్నమాట వెనక్కి తీసుకునే వీలు లేదు. దాన్ని తొక్కేంత బరువైన మాట ఇంకోటి పడాలి. బస్తీ వాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు, మర్నాటికే నాలుక కరుచుకున్నారు. వారమంతా రూతును పొగిడారు. పొగడ్త తూగలేదు. సరే, వేరేదాని మీద కోపం తెచ్చుకుందామని ట్యాంకరును తిట్టారు, ధరలను తిట్టారు. అరువు కోపం కూడా తూగలేదు.

అన్నింటికన్నా ప్రభుదాసును కుంగదీసింది మంగళవారం సంగతి. రూతు నిద్రపోతుంటే మంచం పక్కన కూర్చుని, "నా బిడ్డను నాకు ఉంచుండ్రి" అన్నాడు మెల్లగా. అంతకన్నా నిజమైన మాట అతను జన్మలో అనలేదు. తులం కూడా పడలేదు. ఆ పిల్లను చూస్తే అతని గుండె రగలదు, చల్లబడుతుంది. చల్లబడ్డ గుండెకు ఆ యంత్రంలో లెక్క లేదు.

"మిరపకాయలు తింటే పోతదా నువ్వు చేసిన పాపం?" హోటలు గడప దగ్గర నిలబడి అడిగింది దీనమ్మ. వారంగా ఆమె తమ్ముడితో అన్న మొదటి మాట అది. "నీ నోరు పడిపోను. పొద్దుగూకితే నా బిడ్డను తోలుకపోతరు."

"ఇయ్యాల మ్యాచ్ ఉంది గద అక్కా. అది మంచిగ ఆడితే జనం గుండె పొంగుతది. తూగుతది."

"తూగకపోతే?"

ప్రభుదాసు ఇంకో మిరపకాయ అందుకున్నాడు. ఖాజా గ్లాసులు తుడుస్తూ, "నిజంగ కోపమొచ్చే పని ఏదన్న జరగాలె అన్నా. రూతు మీదొచ్చిన దానికన్న పెద్దది. అదొక్కటే దారి" అన్నాడు. "లాలాగూడోళ్ళకు గోల్ పోయిన దానికన్న పెద్ద కోపం ఏమొస్తది, చెప్పు?"

ఆ రోజు బొల్లారంతో ఆఖరి ఆట. గెలిస్తే కప్పు. ఇరవై రెండేళ్ళుగా ఆ కప్పు లాలాగూడ మొహం చూడలేదు. సమానంగా ముగిస్తే పాయింట్లలో ముందున్న బొల్లారానికే పోతుంది. ఆట నాలుగింటికి మొదలు.

రూతు ఆ రోజు ఆడిన ఆట చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక్కటి వదిలింది, అది దేవుడొచ్చినా ఆగని బంతి. తక్కినవన్నీ ఆపింది. ఒకసారైతే గాల్లో అడ్డంగా తేలి, వేలికొనతో బంతిని పైకి నెట్టేసింది. గట్టు మీద జనం పిచ్చెక్కినట్టు ఎగిరారు. ఒకరినొకరు కావలించుకున్నారు. ప్రభుదాసు ఏడుస్తూ మైదానంలోని తూకపుపలక వైపు చూశాడు.

ఏమీ మారలేదు.

అప్పుడతనికి అర్థమైంది. జనం "ఆహా" అన్నారు, "అబ్బబ్బా" అన్నారు, "రూతూ" అన్నారు. ఇది కావాలని ఒక్కరూ అనలేదు. సంతోషంలో ఉన్నవాడు ఏమీ అడగడు, కోపం ఒక్కటే అడుగుతుంది. ఆ యంత్రం కట్టినవాళ్ళు అడిగేవాళ్ళ కోసమే కట్టారు.

విరామంలో మూడుసార్లు లేచి రూతును ఉంచమని జనం చేత అరిపించాడు. అడిగి అరిపించిన అరుపు కాబట్టి నాలుగు తులాలు పడింది. రెండో సగం మొదలయ్యాక గట్టు దిగి, మైదానం అంచున తాడు పట్టుకుని నడుస్తూ బొల్లారం గోలు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. ఎందుకు వెళ్ళావని అడిగితే ఆ నిమిషాన చెప్పలేకపోయేవాడు.

చెరో గోలు. ఆట ముగియవస్తోంది. అవతలి కొస నుంచి రూతు బంతిని చేత్తో దూరంగా విసిరింది. జట్టు ముందువరసలో ఆడే సబిహా దాన్ని అందుకుని ఒకరిని తప్పించింది, ఇంకొకరిని తప్పించింది. బొల్లారం గోల్‌కీపరు ముందుకు ఉరికి వచ్చి కింద పడింది. సబిహా బంతిని పక్కకు తోసి, ఖాళీ గోలు వైపు మెల్లగా తన్నింది. బంతి గడ్డి మీద తీరుబడిగా దొర్లుతూ వస్తోంది. గట్టు మీద వేల గొంతులు అప్పటికే గోలని అరవడం మొదలుపెట్టాయి. ఇరవై రెండేళ్ళుగా కలలోకి వచ్చిన బంతి, నేరుగా ప్రభుదాసు వైపే వస్తోంది.

అతను తాడు దాటాడు. గోలుగీత మీదికి అడుగేసి బంతిని బలంగా బయటికి తన్నేశాడు.

గోలని అరుస్తున్న గొంతులు సగంలో తెగాయి. రెఫరీ ఈల వేసింది. బయటివాడు బంతిని ఆపితే గోలు లెక్కలోకి రాదన్నది పిల్లలకు కూడా తెలిసిన నియమం. సబిహా నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడింది. అప్పుడు వచ్చింది అరుపు. రైలు సొరంగంలోంచి బయటికొచ్చినట్టు వచ్చింది.

"ఎల్లగొట్టుండ్రి వాణ్ణి! బస్తీల ఉండొద్దు వాడు!"

పోలీసులు రెక్కలు పట్టి ఈడ్చుకుపోతుంటే చెప్పులు పడ్డాయి, నీళ్ళ సీసాలు పడ్డాయి. ఖాజా కూడా అరుస్తున్నాడు. పొద్దున చాయ్ పోసిన ఖాజా, బూతులతో సహా అరుస్తున్నాడు. ప్రభుదాసు నోరు మెదపలేదు. నిజం చెబితే వాళ్ళ కోపం అక్కడికక్కడే విరిగిపోతుంది. విరిగితే పిల్ల పోతుంది. తన మంచితనం ఒక్కరికి తెలిసినా పని చెడుతుంది. అరుస్తున్నవాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ అతనికి చిన్నప్పటినుంచీ తెలిసినవే. తల దించుకోకుండా పలకనే చూస్తూ పోయాడు.

రూతును వెళ్ళగొట్టాలన్న మాట మీదికి ఇంకో మాట ఎగబాకుతోంది. పక్కకు వచ్చింది. దాటింది. ఆట సమానంగా ముగిసింది. కప్పు బొల్లారం పోయింది. ఆరు కొట్టింది.

ఠాణాలో బల్ల మీద కూర్చున్న ప్రభుదాసు చెవిలో ఉత్తర్వు మెత్తటి ఆడగొంతుతో వినిపించింది. మూడేళ్ళు. ఆదిలాబాదు. తెల్లారి బస్సు. "తొలిగొంతు, రూతు" అంది ఆ గొంతు. "రెండు మణుగులు."

అతను చెవి వెనక గింజను వేలితో తడిమి చూసుకున్నాడు.

తెల్లారి బస్తీ చివర బస్సు దగ్గరికి బస్తీవాళ్ళెవరూ రాలేదు. దీనమ్మ వచ్చింది. బస్సులో కూర్చున్న తమ్ముడి మొహం రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది. అన్నం మూట ఒళ్ళో పెట్టింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. వెనకాల రూతు అతని సంచి మోసుకుంటూ వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. తల్లి కాస్త పక్కకు జరిగాక దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఎందుకు చేసినవో నాకు తెల్వదనుకుంటున్నవా మామా?" అంది. "రాత్రి తెల్సింది. తెల్సినా మండుతనే ఉంది."

"మండనియ్యి బిడ్డా."

"నేను పోతుంటి గద. ఆదిలాబాద్‌ల గ్రౌండ్ లేదా? ఆడ ఆడుకుంటుంటి. మూడేండ్లకు వాపసొస్తుంటి. కప్పు ఈడ ఉంటుండె." సంచిని ఇంకో చేతికి మార్చుకుంది. "ఆ బాల్ నేను ఇసిరిన బాల్ మామా. నన్నొక్కమాట అడగకపోతివి."

అన్నింటి మీదా అభిప్రాయమున్న ప్రభుదాసుకు ఆమెను అడగాలన్న ఆలోచనే రాలేదు. వారమంతా బస్తీ మొత్తం ఆమె గురించి అరిచింది. వెళ్ళగొట్టమనీ అరిచింది, ఉంచమనీ అరిచింది. నీకేం కావాలని ఆమెను ఎవరూ అడగలేదు. పోనీ, ఇంకెవడైనా అలా గీత మీదికొచ్చి ఆ బంతిని తన్ని ఉంటే, కన్నకూతురి కోసమే తన్నినా సరే, వాణ్ణి తను చచ్చేదాకా క్షమించేవాడు కాదు.

"నువ్వన్నదే రైట్ బిడ్డా" అన్నాడు చివరికి. "అది గోలే."

రూతు సంచిని బస్సులో పైన పెట్టి, అతని వైపు చూడకుండా దిగిపోయింది.