అరిగిపోయిన బ్రేకులు

ఆదివారం పొద్దున్న బంగారమ్మకి కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. కుళాయి నీళ్ళు సన్నగా వచ్చినా చాలు, పాలు పలచగా ఉన్నా చాలు. ఆ ఆదివారం మాత్రం ఆవిడ కోపమంతా వెనక వరండాలో గోడకి ఆనించి ఉన్న రెండు సైకిళ్ళ మీద.

"వారం దాటిపోనాది. ఎక్కడి బురద అక్కడే ఎండిపోయుంది. ఇది ఇల్లేటి, గొడ్లసాలేటి? ఒరే ఫణీ, బేగి ఆ సైకిలు కడిగీరా. పూర్ణచంద్ర వొచ్చీ యేళయింది."

"కడుగుతానమ్మా," అన్నాడు ఫణిభూషణ్ ఫోనులోంచి తలెత్తకుండా.

పూర్ణచంద్ర బరంపురం సైకిల్ క్లబ్బుకి పెద్ద. ఛత్రపురంలో ఎవరో అమ్మాయికి మంచి సైకిలు కావాలంటే, ఫణిభూషణ్ తన భార్య ప్రమోద సైకిలు ఇచ్చేస్తానని మాటిచ్చాడు. ఈ పూట వచ్చి తీసుకెళ్ళాలి. మరి ప్రమోదని అడిగాడా అంటే, అడిగాడు. "ఇంక తొక్కవు కదా?" అని అడిగాడు. అలా అడిగితే ఏ భార్య మాత్రం ఏం చెప్తుంది? "మీ ఇష్టమండీ," అంది.

వంటింట్లో ప్రమోద ఉప్మా కలుపుతోంది. కుడి మోచేతికి కట్టుంది కాబట్టి ఎడమ చేత్తో కలుపుతోంది. అత్తగారు తొంగిచూసి, "ఉండలు కట్టీసింది," అని చెప్పి వెళ్ళింది. ముందు గదిలో మామగారు సూర్యారావు ఒడియా పేపరు చదువుతున్నాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైనాయన. ఇంట్లో ఎన్ని అరుపులు వినిపించినా పేపరు దించడు.

ఇంత వేడికీ కారణం పోయిన వారం జరిగిన జంటల పోటీ. మార్కండి సముద్రపు ఒడ్డున బయల్దేరి, గంజాం మీదుగా ఖల్లికోట చేరి, రాత్రి అక్కడ పడుకుని, మర్నాడు కొండ దారులు చుట్టి మళ్ళీ మార్కండికి రావాలి. తారు రోడ్డు తక్కువ, రాళ్ళూ బురదా వాగులూ ఎక్కువ. జంటలో ఇద్దరూ కలిసే రావాలి. ఒకరు ముందొచ్చేసి, రెండోవాళ్ళు తర్వాత వస్తామంటే ఒప్పుకోరు. ఏడాదంతా ఇద్దరూ ఆ పోటీ కోసమే తొక్కారు. గేర్లు ఎప్పుడు మార్చాలో, రాళ్ళ మీద బరువు ఎటు వెయ్యాలో ఫణిభూషణే దగ్గరుండి నేర్పాడు. ప్రమోదది ఇచ్ఛాపురం పక్క పల్లె. ఎదురుగాలిలో కాలేజీకి సైకిలు తొక్కిన పిల్ల. చెప్పింది చెప్పినట్టు పట్టేసింది.

రెండో రోజు కొండ దిగుడులో ప్రమోద పడిపోయింది. సైకిలు ఆగక, మలుపు తిరగలేక, పొదలోకి దూసుకుపోయింది. ఆమెని లేపి, చేతికి కట్టు కట్టించి మార్కండి చేరేసరికి గడువు దాటిపోయింది. ఇద్దరి పేర్లూ కొట్టేశారు. అక్కడ, క్లబ్బువాళ్ళందరి ముందూ, మొహం మీద బురద తుడుచుకుంటూ ఫణిభూషణ్ అన్నాడు:

"నేనొక్కణ్ణే అయితే ఎప్పుడో వచ్చేద్దును. దారంతా ఈవిణ్ణి లాక్కొచ్చాను. బ్రేకు మీంచి చెయ్యి తీస్తే కదా!"

అందరూ నవ్వారు. ప్రమోద కూడా నవ్వింది. ఒడియాలో వదినని భావుజ అంటారు. ఆ సాయంత్రం నుంచీ క్లబ్బు వాట్సాప్ గ్రూపులో ప్రమోద పేరు "బ్రేకు భావుజ" అయిపోయింది. ఆ పేరు చూసి ఫణిభూషణ్ కూడా ఒక నవ్వు బొమ్మ పెట్టాడు.

చివరికి ఫోను పక్కన పెట్టి, బకెట్టూ పాత తువ్వాలూ పట్టుకుని వరండాలోకి వెళ్ళాడు. ఎండిన ఎర్రమట్టి నీళ్ళు తగిలి కరిగింది. ముందు చక్రం తిప్పి చూశాడు. గరగరమని ఇనుము మీద ఇనుము రాసుకున్న చప్పుడు. ఇలా ఇస్తే ఛత్రపురం అమ్మాయి ఏమనుకుంటుంది? చక్రం ఊడదీశాడు. చక్రం మధ్యలో ఉండే రేకుని రెండు పక్కల నుంచీ నొక్కి పట్టుకునే చిన్న బిళ్ళలుంటాయి, బ్రేకు ప్యాడ్లు. వాటిని బయటికి లాగి అరచేతిలో వేసుకున్నాడు.

ప్యాడ్లు లేవు. అంటే, వాటి వెనక ఉండే ఇనప ముక్కలు మాత్రమే ఉన్నాయి. వెనక చక్రానివీ తీసి చూశాడు. అవీ అంతే.

పోటీకి బయల్దేరే ముందు రోజు రెండు సైకిళ్ళకీ కొత్త ప్యాడ్లు వేసింది తనే. గబగబా తన సైకిలువీ తీసి చూశాడు. సగం పైనే మిగిలి ఉన్నాయి. అదే దారి, అదే బురద, అదే వాన.

'భయస్తురాలు కదా, నొక్కేసింది,' అనుకున్నాడు ముందు. కానీ ఆ మాట ఎక్కడో అతుక్కోలేదు. ఋషికుల్య గట్టు గుర్తొచ్చింది. బల్లపరుపుగా ఉండే దారి. అక్కడ కూడా తన వెనక నుంచి కీచుమని బ్రేకు చప్పుడు వస్తూనే ఉంది. "భయమెందుకే, వదులు!" అని తను అరిచాడు. దిగుడులో అయితే భయం. చదునులో బ్రేకు ఎవరు పడతారు? ముందున్నవాడు నెమ్మదిగా పోతుంటే, వాడిని దాటకూడదనుకుంటే పడతారు.

కొండ ఎక్కుడులు గుర్తొచ్చాయి. ప్రతి ఎక్కుడు దగ్గరా ఆమె దిగి, షూ లేసు కట్టుకుంటున్నానని ఆగేది. తను రొప్పుకుంటూ పైకి చేరాక, అదేం చిత్రమో, క్షణంలో వెనకే ఉండేది. చెమట కూడా పట్టేది కాదు.

ఫణిభూషణ్‌కి చెవులు వేడెక్కాయి.

"ప్రమోదా, ఒకసారి ఇలా రా."

"ఉప్మా మాడిపోతుందండీ."

"మాడనీ. రా."

ఆమె చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. అతని అరచేతిలో ఇనప ముక్కల్ని చూసింది. చూపు తిప్పేసుకుంది.

"గట్టు మీద బ్రేకు ఎందుకు పట్టావు?"

"ఏమో, గుర్తులేదు. ఆ పిల్లకి కొత్తవి వేసి ఇచ్చీండి."

"నన్ను దాటకూడదనే కదా?"

ప్రమోద వంటింటి వైపు తిరిగింది.

"చెప్పు. ఆ లేసు కట్టుకోవడాలన్నీ కూడా అందుకేనా?"

"మీరు అలిసిపోయి ఉన్నారు," అంది మెల్లగా. "మలుపు మలుపుకీ మీ క్లబ్బువాళ్ళు ఫొటోలు తీస్తన్నారు. నేను ముందు కనిపిస్తే బాగోదని…"

బంగారమ్మ చేతిలో గరిటెతో వచ్చింది. "ఏటయింది మళ్ళీ? పొయ్యి మీద మాడగొట్టీసి ఇక్కడ ఏటి కబుర్లు? ఆ పోటీ గోల ఇంకా అవలేదేటి? నీ వల్ల వాడి పేరు పోనాది. సైకిలు ఇచ్చీస్తే పీడా పోద్ది."

"అమ్మా, కాసేపు ఆగు."

"నేనెందుకాగాలి? మొగుడు లాగలేక లాగలేక తెచ్చినాడు…"

"అత్తమ్మా, మీరే కదా…" అనేసింది ప్రమోద. అని, చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఫణిభూషణ్ తల్లి వైపు తిరిగాడు. "ఏం చెప్పావమ్మా దీనికి?"

బంగారమ్మ ఏం తడబడలేదు. "ఎల్లేటప్పుడు బొట్టెట్టి సెప్పాను. నలుగురిలో మొగుణ్ణి దాటి ఎల్లకమ్మా అని సెప్పాను. అయితే ఏటి?"

"అయితే ఏటా?" ఫణిభూషణ్ గొంతు లేచింది. "ఇవి చూడు! ఇలా అరిగిపోయాయి కాబట్టే బ్రేకు పట్టలేదు. అందుకే పడింది. పొద లేకపోతే రాళ్ళ మీద పడి తల పగిలిపోయేది. నీ మాట విని ప్రాణం పోగొట్టుకునేది, తెలుసా? నీకసలు బుద్ధుందా అమ్మా?"

బంగారమ్మ చేతిలో గరిటె కిందికి దిగింది. కోడలి చేతి కట్టు వైపు చూసింది. ఆ కట్టుని వారం నుంచీ చూస్తూనే ఉంది. కానీ ఇప్పుడు చూసినట్టు చూడలేదు.

"నాకోసం సెప్పానేట్రా?" అంది. "నీకోసం సెప్పాను. పోటీకి ముందు ఆ రోజు గోపాల్‌పూర్ రోడ్డు మీద ఇది నిన్ను దాటీసిందని ఇంటికొచ్చి ఏటి సేసేవు? కూడు ముట్టేవా? రెండు రోజులు దీని సేతి మంచినీళ్ళు తాగలేదు. పక్కనే నిలబడుంటే, 'అమ్మా, నా సొక్కా ఎక్కడుందో ఆవిణ్ణడుగు' అని నా సేత అడిగించినావు. ఈ పిల్ల పెరట్లో గోడకేసి తిరిగి ఏడుస్తంటే నేను సూసినాను. నీకు సెప్పి మార్సగలనా? అందుకే దీనికి సెప్పీసినాను. నీకన్నా దీనికి సెప్పడం సులువు గనక."

ముందు గదిలో పేపరు చప్పుడు ఆగిపోయింది.

 తల్లి మీద అరవడానికి ఫణిభూషణ్ కూడదీసుకున్న కోపమంతా తిరిగి తన మీదే పడింది. ఆ రోజు టీ కొట్టు దగ్గర క్లబ్బువాళ్ళు, "ఫణి భాయ్, చూసుకో, ఇంటావిడ ఎళ్ళిపోతోంది!" అని కేకలేశారు. అంతే జరిగింది. ఆ రాత్రి ప్రమోద పెట్టిన కంచం పక్కకి తోసేశాడు. అలిగానని కూడా ఒప్పుకోలేదు. ఆకలి లేదన్నాడు. రెండు రోజులు ఆకలి లేని మనిషిని చూసి ఇంట్లో ఆడవాళ్ళిద్దరూ భయపడ్డారు. ఒకావిడ జాగ్రత్త చెప్పింది, ఇంకొకామె ఆ జాగ్రత్త కోసం కొండ దారిలో ప్రాణం మీదికి తెచ్చుకుంది. ఇంతా చేసి, నలుగురిలో నిలబడి తను లాక్కొచ్చానని చెప్పుకున్నాడు. సిగ్గుతో అతనికి వెంటనే మొహం దాచుకోవాలనిపించింది.

గేటు చప్పుడైంది.

"ఫణి భాయ్! ఉన్నావా? మా బ్రేకు భావుజ చెయ్యి ఎలా ఉంది?" పూర్ణచంద్ర నవ్వుకుంటూ పక్క సందులోంచి నేరుగా వరండాలోకి వచ్చేశాడు. ముగ్గురి మొహాలూ చూసి ఆగాడు. "ఏమైంది? మళ్ళీ రానా?"

ఫణిభూషణ్ పిడికిలి బిగుసుకుంది. అందులోనే ఉన్నాయి ఆ ముక్కలు. జేబులో వేసుకుంటే ఎవరికీ తెలియదు. సైకిలు వెళ్ళిపోతుంది, దానితో పాటు ఈ మాటా వెళ్ళిపోతుంది.

ప్రమోద అతని మొహం వైపు ఒక్కసారి చూసింది. వెంటనే నవ్వు తెచ్చుకుంది. "ఏం లేదు పూర్ణ బాబూ. బ్రేకులు నేనే పాడుచేసేను, అందుకని కోప్పడతన్నారు. కడగడం అయిపోయింది, పట్టుకెళ్ళండి."

ఇప్పుడు కూడా అదే పని. తను తలదించుకోకూడదని మళ్ళీ ఆమే వెనక్కి తగ్గుతోంది. 

ఫణిభూషణ్ పిడికిలి విప్పాడు.

"సైకిలు ఇవ్వను పూర్ణా," అన్నాడు. "ఆ అమ్మాయికి ఇంకోటి చూద్దాం. ఇవి చూడు, ప్రమోద ప్యాడ్లు. అవిగో, అక్కడున్నవి నావి. దారంతా నన్ను దాటకుండా ఉండడానికి బ్రేకు పట్టుకునే తొక్కింది. నేను లాక్కొచ్చానన్నది అబద్ధం. నేనే దాన్ని ఆపాను. అందుకే పడింది."

పూర్ణచంద్ర ఆ ముక్కల్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. సైకిళ్ళ సంగతి తెలిసినవాడికి ఇంక చెప్పక్కర్లేదు. "ఒక్క పోటీలోనా?" అన్నాడు. తర్వాత ప్రమోద వైపు తిరిగి, "భావుజా, నేను కూడా నవ్వాను. తప్పయిపోయింది," అన్నాడు.

"అయ్యో, మీరేం చేశారండీ," అంది ప్రమోద. అంతవరకూ ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. వారం నుంచి చెయ్యి ఎంత సలిపినా ఏడవలేదు.

"గ్రూపులో నేనే చెప్తాను," అన్నాడు ఫణిభూషణ్. "అందరికీ."

సూర్యారావు ఎప్పుడొచ్చాడో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ముందు దానికి సెప్పరా," అన్నాడు కోడల్ని చూపించి. అని, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు.

దానికి చెప్పడమే కష్టం. ఫణిభూషణ్ నేల మీద కూర్చుని, తన సైకిలులోంచి తీసిన ప్యాడ్లని ప్రమోద సైకిలుకి బిగించడం మొదలెట్టాడు. స్క్రూ రెండుసార్లు జారింది. తల ఎత్తకుండానే అన్నాడు:

"నువ్వు బాగా తొక్కుతావు ప్రమోదా. నాకన్నా బాగా. గోపాల్‌పూర్ రోజే తెలుసు నాకు. తెలిసే అలిగాను. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది."

 బంగారమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఇలాగ దెబ్బ తగులుద్దని నాకేటి తెలుసమ్మా," అని కోడలి మోచెయ్యి పట్టుకుంది. నొప్పి చోటే పట్టుకుంది. ప్రమోద పళ్ళబిగువున ఊరుకుంది.

చక్రం బిగించడం అయ్యాక సైకిలు గేటు దాకా నడిపించుకొచ్చాడు. "చెయ్యి పరవాలేదంటే సందు చివరిదాకా వెళ్ళి చూడు. బ్రేకు పడుతుందో లేదో."

"మరి మీది?"

"నా దానికి ఇప్పుడు బ్రేకుల్లేవు. నేనెక్కడికొస్తాను?"

ఆమె చీర కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కింది. మొదట మెల్లగా, తర్వాత కొంచెం వేగంగా. సందు చివర ఆగుతుందనుకున్నారు. ఆగలేదు. మలుపు తిరిగి రోడ్డు మీదికి వెళ్ళిపోయింది. ఏడాది పాటు ఇద్దరూ కలిసి తొక్కినా, గోపాల్‌పూర్ రోజు తప్ప, ఆమె వీపు అతను చూడడం ఇదే మొదటిసారి.

"ఎల్లిపోయిందేట్రా?" అంది బంగారమ్మ గాబరాగా.

"వస్తుందిలే అమ్మా."

పూర్ణచంద్ర టీ తాగి వెళ్ళిపోయాడు. ఫణిభూషణ్ గేటు దగ్గరే నిలబడ్డాడు. పోటీలో తొక్కుతున్నప్పుడు తను ఒక్కసారైనా వెనక్కి తిరిగి, ఆమె ఎక్కడుందో చూశాడా అని ఆలోచించాడు. అరిచాడు గానీ, చూడలేదు.

చివరికి ఆమె వచ్చింది. జుట్టు చెదిరి, మొహం ఎర్రబడి ఉంది. గేటు ముందు బ్రేకు నొక్కింది. చప్పుడు లేకుండా ఆగింది. సైకిలు దిగకుండానే అతని వైపు చూసి అడిగింది:

"ఈ పూట తింటారా? లేకపోతే అత్తమ్మ చేత చెప్పించాలా?"

ఫణిభూషణ్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు, కళ్ళు నిండిపోయాయి. "మాడిన ఉప్మాయే పెట్టు," అన్నాడు. "ఉండలతో సహా తింటాను."