నిజం నేర్చిన ముల్లు

పొద్దున్నే చెప్పుల్లో కాళ్ళు పెట్టి వరహాలు మూతి ముడిచింది. నిన్న తెగిన పట్టీ అతుక్కుని ఉంది. అతుకు కూడా కనబడట్లేదు. ఈ వంకన కొత్త జత కొనిపించుకుందామనుకుంటే సాగనివ్వలేదని మొగుడి మీద విసుక్కుంది, అదేదో తాతారావే కూర్చుని కుట్టినట్టు.

నయపొడి వచ్చాక ఆ కొండ ఊళ్ళో కూడా బతుకు అలా తయారైంది. చీకటి పడగానే వీధి చివరి స్తంభం కంటికి ఆనని పొడిని గాలిలోకి వదులుతుంది. ఆ రేణువులు ప్రతి వస్తువు మీదా వాలి, తయారైననాడు అది ఎలా ఉండేదో కనిపెట్టి, తెల్లారేసరికి మళ్ళీ అలాగే చేసిపెడతాయి. పగిలిన అద్దం, కారే కుళాయి, తుప్పు పట్టిన గొళ్ళెం, ఏదైనా సరే. ఎవరినీ అడగవు, ఎవరికీ చెప్పవు. బాగుచేస్తానంటే వద్దనే వెర్రివాడెవడుంటాడని వాటిని చేసినవాళ్ళ ధీమా. మనిషి ఒంటిని బాగుచేయడం మాత్రం వాటికి చేతకాదు. వరహాలు గుండెజబ్బు వాటి లెక్కలోనే లేదు.

తాతారావుకి ఓ పాత పెట్రోలు కారు ఉంది. డ్రైవరు లేకుండా తిరిగే తానునడక బండ్లు వాన పడితే ఘాట్ రోడ్డు ఎక్కవు, వాటికి ప్రాణభయం. అందుకని ఊళ్ళో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ఈ కారే దిక్కు. ఆస్పత్రికైనా, వారానికోసారి పోసే పెట్రోలుకైనా పైనున్న పాడేరు వెళ్ళాల్సిందే.

ఆ కారు సొట్టలన్నీ నయపొడి ఎప్పుడో తీసేసింది గానీ ట్యాంకు లోపలికి పోలేకపోయింది. పెట్రోలు తగిలితే చచ్చేది. అందుకే పెట్రోలు ఎంతుందో చూపే ముల్లు ఒక్కటే పాత రోగంతో మిగిలింది. ఒకప్పుడు అడుగున రాయి తగిలి, ట్యాంకులో తేలే బెండు తాలూకు కాడ వంగింది. దాని ఎర్తు తీగ కూడా వదులైంది. నిండా పోయించినా ముల్లు ముప్పావు దాటేది కాదు. పావు మిగిలుండగానే ఎర్రగీత మీద పడుకునేది. వరహాలు చేతి గాజుతో దాని అద్దం మీద టకటకా కొడితే ఉలిక్కిపడి లేచి, మళ్ళీ పడుకునేది. తాతారావు దాన్ని పట్టించుకోలేదు. ముల్లు ఎర్రగీత మీద పడ్డాక కూడా పాడేరు నిక్షేపంగా వెళ్ళొచ్చని అతనికి తెలుసు. వరహాలు పుట్టింటి నుంచి ఫోన్ చేసి బయల్దేరిపోయానంటే, ఇంకా జడ వేసుకుంటోందని తెలిసినట్టే.

ఓ రాత్రి స్తంభాల్లోకి పెట్రోలుకి చావని కొత్త రకం పొడి వచ్చింది. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. మర్నాడు బంకులో పోయించుకుంటే ముల్లు పై గీత దాకా లేచింది. బంకువాడు ఈసారి ధర్మంగా పోశాడని తాతారావు మురిసిపోయి, ఇంటికొచ్చి పెళ్ళానికి కూడా చెప్పాడు. ఆ సంబరంలో అడిగినవాళ్ళనల్లా ఎక్కించుకుని వారమంతా తిప్పాడు.

వారం చివర జోరున వాన కురుస్తుంటే వరహాలు గుండె పట్టుకుని కూలబడింది. అంబులెన్సు వాన తగ్గాకే వస్తానంది. తాతారావు ఆమెను కారులో కూర్చోబెట్టి బయల్దేరాడు. ముల్లు ఎర్రగీత మీద ఉంది. అంత నొప్పిలోనూ వరహాలు అలవాటుగా అద్దం మీద గాజుతో కొట్టింది.

"లేవట్లేదయ్యా ఇవాళ."

"దాని వేషాలు మనకి తెలీనివా? పావు ఉంటుందిలే. నువ్వు కళ్ళు మూసుకో."

ఘాట్ సగం ఎక్కాక ఇంజను దగ్గి ఆగిపోయింది. తాతారావు ఎంత తిప్పినా పలకలేదు. వరహాలును భుజాన వేసుకుని వానలో పైకి నడిచాడు. ఎక్కడో ఆమె గాజు ఒకటి పగిలి, రెండు ముక్కలుగా అతని చొక్కాలో చిక్కుకుంది. ఆస్పత్రి దీపాలు కనబడకముందే ఆమె ఊపిరి ఆగిపోయింది.

దినాలయ్యాక అతను కారును ఇంటికి లాగించుకొచ్చి, వెనక సీటు ఎత్తి, ట్యాంకు మూత విప్పి, బెండును బయటికి తీశాడు. ఎక్కడో కారి ఉంటుందనుకున్నాడు. కారలేదు. కాడ నిటారుగా ఉంది. ఎర్తు తీగ కొత్తదానిలా మెరుస్తోంది. బంకువాడు ఎప్పటిలాగే పోశాడని అప్పుడు అర్థమైంది. అక్కడే కూలబడి ఏడ్చాడు.

నయపొడి కేంద్రానికి వెళ్ళి మొత్తం చెప్పాడు. అక్కడి అధికారిణి మంచిదే. కారు దగ్గరికే వచ్చి, లోపాలు పసిగట్టే దోషదర్శినిని ముల్లు మీద పెట్టి చూసింది. బాగుచేసినందుకు ఫిర్యాదు ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదని నొచ్చుకుంటూనే చెప్పింది.

"ముల్లులో ఏ దోషమూ లేదండీ. ఆ రోజు కూడా అది నిజమే చూపించింది."

"నిజం చెప్పడం మొదలెట్టిందని నాకు ఎవరు చెప్పారమ్మా?"

ఆమె దోషం లేదని రాసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం తాతారావు కాడను వెనకటిలాగే చేత్తో వంచి, తీగ వదులుచేసి, ట్యాంకులో పెట్టాడు. ఇన్నాళ్ళూ వేర్వేరు చోట్ల పెట్టుకున్న గాజు ముక్కలు రెండూ తెచ్చి స్టీరింగు ముందు పెట్టాడు.

తెల్లారి చూస్తే కాడ మళ్ళీ నిటారుగా ఉంది. గాజు అతుక్కుని, కొట్లో కొన్ననాటిలా మెరుస్తోంది. అతను దాన్ని వేళ్ళతో పట్టుకుని అద్దం మీద టకటకా కొట్టాడు. ముల్లు కదలలేదు.