తుడిచేసిన తళుకు

"ఇదేంటి?"

ఫోటో స్టూడియో తలుపు తోసిన ఊపుకి గోడకున్న క్యాలెండర్ కూడా ఉలిక్కిపడింది. వచ్చిన అమ్మాయి ఒక తడి టిష్యూని, చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకొచ్చి టేబుల్ మీద పడేసింది.

స్టూడియో అబ్బాయి కంప్యూటర్ మీంచి తలెత్తాడు.

"టిష్యూ అండి."

"టిష్యూ అని నాకూ తెలుసు. దానికి అంటుకున్నదేంటి?"

"ఏదో మెరుస్తోంది."

"ఏదో కాదు! గోల్డ్ హైలైటర్. దాని పక్కన ఆ మరక చూశారా, అది మెటాలిక్ ఐషాడో. ఇందాక మీ దగ్గరికొచ్చినావిడకి నలభై నిమిషాలు నించుని వేశాను. మీ చెత్తబుట్టలో దొరికింది!"

"మా చెత్తబుట్టలో మీకేం పనండి?"

జవాబు లేనప్పుడు గొంతు పెంచడం ఆమెకి పుట్టుకతో వచ్చిన విద్య.

"మాట మార్చకండి! నేను వేసింది తుడవడానికి మీరెవరు?"

"ఫోటో తీసేవాణ్ణి," అన్నాడతను నెమ్మదిగా. "ఆవిడ లైసెన్సు ఫోటో కోసం వచ్చారు. బుగ్గల మీద అలా మెరుస్తుంటే ఆఫీసు కంప్యూటర్ ఫోటోని తిప్పి కొడుతుంది. దానికి మెరుపు కనిపిస్తే మొహం కనిపించదు. జనం వచ్చి నన్ను తిడతారు."

"మరి ఒక బోర్డు పెట్టండి. 'ముందు ఫోటో, తర్వాత మేకప్' అని. మీ దగ్గరయ్యాకే నా దగ్గరికొస్తారు. మీకూ గోల ఉండదు, నాకూ ఉండదు."

"పెడతాను."

"ఎప్పుడు?"

"పెడతానన్నానుగా."

ఆమె ఎలా వచ్చిందో అలాగే వెళ్లింది. క్యాలెండర్ ఈసారి కింద పడింది.

పక్కనే ఉన్న మేకప్ సామాన్ల షాపులో 'వేసి చూసుకోండి' అనే కౌంటర్ ఆమెది. వీధిలో అందరూ ఆమెని తళుకు అనే పిలుస్తారు. పిలవక ఏం చేస్తారు? ఆమె ముట్టుకున్నదల్లా మెరుస్తుంది. ఫోన్ మెరుస్తుంది, టిఫిన్ డబ్బా మూత మెరుస్తుంది, ఆమె పాస్ చూసిన బస్సు కండక్టర్ బొటనవేలు కూడా సాయంత్రం దాకా మెరుస్తూనే ఉంటుంది.

పని తేలికేం కాదు. వచ్చినవాళ్లని ఎత్తు స్టూల్ మీద కూర్చోబెట్టి, మొహాన్ని వెలుగు వైపు తిప్పి, చెంప ఎముక మీద హైలైటర్ బ్రష్ ఆడించాలి. మెటాలిక్ ఐషాడో అయితే బ్రష్‌కి లొంగదు, ఉంగరం వేలితో కనురెప్ప మీద అద్దాలి. నొక్కితే పెచ్చులు, రుద్దితే బూడిద. నోటికి లేని ఓపికంతా దేవుడు ఆమె వేలికి ఇచ్చాడు.

అలాంటి పనిని పక్కవాడు తుడిచి బుట్టలో వేస్తుంటే ఒళ్లు మండదా?

మండింది. రోజూ మండింది. రెండు నెలలపాటు రోజుకోసారి ఆ తలుపు తోసింది.

"బోర్డేదండీ?"

"రాయిస్తున్నానండి."

"రాయిస్తున్నారా, చెక్కిస్తున్నారా? ఇన్నాళ్లలో శిల్పం అయిపోయేది!"

అతను నవ్వు ఆపుకుంటూ ఫ్యాన్ ఆమె వైపు తిప్పేవాడు. కుర్చీ లాగి వేసేవాడు. తిట్టించుకునేవాడికి అంత మర్యాదెందుకో ఆమెకి అర్థమయ్యేది కాదు. దాంతో ఇంకా కోపం వచ్చేది.

ఈలోగా ఐషాడో రంగుల పాలెట్లు తయారుచేసే కంపెనీవాళ్లు మేకప్ నేర్పే స్కూలొకటి పెడుతున్నారని తెలిసింది. షాపుల్లో నించునే అమ్మాయిల్లోంచి ఒక్కరిని టీచర్‌గా తీసుకుంటారట. చేసిన పనికి ఒకే ఒక్క ఫోటో పంపాలి. ఫిల్టర్లు పెట్టకూడదు.

తళుకు వాళ్ల పిన్నికి వేసి, తన ఫోన్‌తోనే తీసి పంపింది. అటునుంచి ఒక్క ముక్క వచ్చింది. 'మోడల్‌కి చెమట పట్టినట్టుంది. శుక్రవారం సాయంత్రం ఆరులోపు ఇంకొకటి పంపవచ్చు. ఇదే ఆఖరు.'

షాపు వెనక అట్టపెట్టెల మధ్య కూర్చుని ఏడ్చిందా రోజు. ఎనిమిదేళ్లుగా జనం ఆమెని 'ఇదిగో అమ్మాయ్' అనే పిలిచారు. ఒక్కరైనా 'టీచర్' అని పిలిస్తే వినాలని ఆమెకి ఎంత ఆశో ఆ అట్టపెట్టెలకే తెలుసు.

"పక్కన స్టూడియో పెట్టుకుని ఫోన్‌తో కుస్తీ ఏంటే?" అంది పిన్ని. ఆమె సిటీ బస్సు నడుపుతుంది. ట్రాఫిక్‌లో హారన్ కన్నా ఆమె గొంతే ముందు వినిపిస్తుంది. చిన్నప్పుడే అమ్మ పోతే తళుకుని పెంచింది ఆమే.

"వాడి మొహం నేను చూడను పిన్నీ."

"నువ్వెందుకు చూడటం? నా మొహం అతను చూస్తాడు."

శుక్రవారం పిన్నికి రెండు ట్రిప్పుల మధ్య రెండు గంటల ఖాళీ దొరికింది. తళుకు ఆ మొహం మీద ప్రాణం పెట్టి పనిచేసింది. చెంపల మీద వెన్నెల రంగు, కళ్ల మీద ముదురు రాగి, కొసల్లో పాత బంగారం. స్టీరింగ్ తిప్పి తిప్పి అలిసిన పిన్ని అద్దం చూసుకుని, "ఎవరమ్మా ఈవిడ? బస్సెక్కితే లేచి సీటిస్తాను," అంది.

"వెళ్లి ఫోటో తీయించుకో. నేను పంపానని మాత్రం అనకు. అడుక్కున్నట్టుంటుంది."

చూశారా, కొంప ముంచింది ఆ ఒక్క మాటే.

నాలుగుకి పది నిమిషాలుండగా పిన్ని గొడుగు దులుపుకుంటూ వచ్చింది. బయట వాన మొదలైంది. పిన్ని చేతిలో చిన్న చిన్న ఫోటోలు ఎనిమిది. మొహమేమో తోమిన పళ్లెంలా ఉంది.

"పిన్నీ... మొహమేది?"

"మెడ మీదే ఉందిగా."

"మేకప్! మేకప్ ఏది?"

"అదా? 'మంచి ఫోటో తియ్యి బాబూ, పనిలో పని లైసెన్సుకి కూడా ఒకటి కావాలి' అన్నాను. కళ్లు మూసుకోమన్నాడు. చల్లగా తుడిచాడు. ఎంత నెమ్మదైన చెయ్యనుకున్నావు! ఫోటో తీసేశాడు. ఆ మంచి ఫోటో కూడా ఇదేననుకున్నా."

తళుకు స్టూల్ ముందుకి లాగింది. "మళ్లీ కూర్చో పిన్నీ. నీకు దణ్ణం పెడతాను."

"నాలుగింటికి బస్సు తియ్యాలే. అరవైమంది ఎక్కి కూర్చుని ఉంటారు." పిన్ని గొంతు మొదటిసారి చిన్నదైంది. "అయ్యో, నా నోరు పడిపోను. ఆ లైసెన్సు మాట ఎందుకెత్తాను?"

గొడుగు కూడా లేకుండా తళుకు వానలోకి దిగింది. పది అడుగుల దూరమే. అయినా జుట్టంతా తడిసింది. తలుపు ఎంత గట్టిగా తోసిందంటే, అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నీకు చేతులెందుకిచ్చాడయ్యా దేవుడు? తుడవడానికేనా?"

రెండు నెలల 'మీరు' ఆ ఒక్క క్షణంలో కొట్టుకుపోయింది.

"ఏమైందండి?"

"ఇందాక నీ దగ్గరికొచ్చినావిడ మా పిన్ని! ఆ మొహం మీద ఉన్నది నా ఉద్యోగం. ఆరింటిలోపు ఆ ఫోటో వెళ్లకపోతే జన్మంతా నేనా కౌంటర్ దగ్గరే 'ఇదిగో అమ్మాయ్'ని. గంటన్నర వేశాను. నువ్వొక్క నిమిషంలో బుట్టలో వేశావు!"

అతని మొహం పాలిపోయింది. "ఆవిడ... లైసెన్సు అన్నారండి. మీరు పంపారని నాకు..."

"ఎలా చెబుతాను? నిన్ను అడగడమంటే నాకు..." కోపం వచ్చినప్పుడు ఏడుపు రావడమంత అవమానం ఇంకోటి లేదు. ఆమె గోడ వైపు తిరిగింది.

వాన రేకుల మీద దంచుతోంది. వీధిలో పిట్ట లేదు. షాపులో రెండో అమ్మాయి సెలవు. మొహం కావాలంటే ఎక్కడినుంచి తెస్తుంది?

వెనక నీళ్ల చప్పుడైంది. తిరిగి చూస్తే అతను మొహం కడుక్కుని, తుడుచుకుని, ఫోటో స్టూల్ మీద కూర్చుని ఉన్నాడు.

"ఏంటిది?"

"మొహం."

"మీసం ఉంది."

"కళ్లకి లేదుగా."

ఆ మాటకి ఆమె నవ్వలేదు. గడియారం చూసింది. నాలుగు దాటి పది నిమిషాలు. షాపులోకి పరిగెత్తి పాలెట్లు, బ్రష్‌లు ఒళ్లో వేసుకుని వచ్చింది.

"కదలకు."

"సరే."

"మాట్లాడకు."

"..."

"ఊపిరి అంత గట్టిగా తియ్యకు, పొడి ఎగిరిపోతోంది."

"ఊపిరి కూడా ఆపెయ్యమంటారా?"

"ఆపెయ్యి. పీడా పోతుంది."

తిడుతూనే ఉంగరం వేలు రాగిలో ముంచి అతని కనురెప్ప మీద అద్దింది. వేలు మాత్రం తిట్టడం లేదు. చంటిపిల్ల నుదుటిని తాకినంత మెల్లగా కదులుతోంది. మూసిన రెప్ప కింద కన్ను గువ్వలా అటూ ఇటూ కొట్టుకోవడం ఆమె వేలికి తెలుస్తోంది. ఇన్నాళ్లలో వేల కళ్లు ముట్టుకుంది. ఏ కన్నూ ఇలా కంగారు పడలేదు.

'నాకెందుకు కంగారు?' అని తన మీద తనే మండిపడి, ఇంకొంచెం రాగి అద్దింది.

చెంపల మీద హైలైటర్ వేసేసరికి అయిదున్నర అయింది. సరిగ్గా అప్పుడే ఒక పెద్దాయన గొడుగు ముడుచుకుంటూ లోపలికొచ్చాడు. స్టూల్ మీద వెలిగిపోతున్న స్టూడియో అబ్బాయిని చూశాడు. మళ్లీ గొడుగు విప్పుకున్నాడు. "రేపొస్తాలే బాబూ, తొందరేం లేదు."

అతను కూర్చున్నచోటునుంచే చెబుతుంటే ఆమే కెమెరా నొక్కి మొదటి ఫోటో తీసింది. తెరమీద చూసి తళుకు తల పట్టుకుంది. "చెమట! మళ్లీ చెమట పట్టినట్టే ఉంది!"

"ఉండండి. మీ పనిలో తప్పు లేదు. లైటు ఎదురుగా ఉంది," అన్నాడతను. "ఎదురు వెలుగుకి మెరుపంతా తెల్లగా చచ్చిపోతుంది. పక్కనుంచి పడితేనే దాని రంగు బయటికొస్తుంది. ఆ లైటు స్టాండు పక్కకి జరపండి, వైరు నా వెనక పరదా చాటున ఉంది. నేను కదిలితే చెరిగిపోతుంది."

వైరు లాగడానికి ఆమె పరదా వెనక్కి వెళ్లింది. అక్కడ గోడకి ఆనించి ఒక చెక్క ఉంది. దాని మీద నీలం పెయింటుతో చక్కటి అక్షరాలు.

ముందు ఫోటో, తర్వాత మేకప్.

కింద మూలలో తేదీ. ఆమె మొదటిసారి తిట్టిన రోజు తర్వాతి రోజు.

తళుకు ఆ బోర్డుని రెండు చేతులా పట్టుకుని బయటికొచ్చింది. గొంతు పెంచలేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"ఇది రెండు నెలలుగా ఇక్కడే ఉందా?"

అతని రాగి రెప్పలు కిందికి వాలాయి. "ఉంది."

"ఎందుకు పెట్టలేదు?"

"పెడితే మీరు రారు కదండి."

తళుకు బోర్డుని టేబుల్‌కి ఆనించింది.

"రోజూ వచ్చి అయిదు నిమిషాలు తిట్టి వెళ్లేవారు. ఆ అయిదు నిమిషాల కోసం పొద్దున్నుంచీ చూసేవాణ్ణి. చెప్పే ధైర్యం లేక బోర్డు దాచాను. దానివల్ల మీ పిన్నిగారి మొహం... ఇంత దాకా వస్తుందనుకోలేదు. తప్పు నాదే."

"తప్పా? బోర్డు ఉంటే మా పిన్ని అది చదివి అడిగేది! 'మేకప్ ముందే అయిపోయింది, ఎలా బాబూ' అని అడిగేది! నీ అయిదు నిమిషాల కోసం నా ఎనిమిదేళ్లు తుడిచేశావు!"

"అవును."

కాదని వాదిస్తే ఇంకో నాలుగు అనేది. అవునన్నవాణ్ణి ఏం చేస్తాం? ఆమె లైటు పక్కకి జరిపింది. పళ్లు బిగించి కెమెరా బటన్ నొక్కింది.

తెరమీద కనిపించింది చూసి ఇద్దరూ ముందుకి వంగారు. కొలిమిలోంచి అప్పుడే తీసిన రాగిలా ఉన్నాయి రెప్పలు. చెంప ఎముక మీద సన్నటి వెలుగు గీత. మధ్యలో నిజంగానే బాధపడుతున్న ఒక మనిషి.

ఆరుకి ఎనిమిది నిమిషాలుండగా ఫోటో వెళ్లింది.

తళుకు పాలెట్లు సర్దుకుంది. బోర్డు తీసుకెళ్లి వానలోనే గుమ్మం పక్క మేకుకి తగిలించింది.

"ఇక తిట్టడానికి నేను రానక్కర్లేదు," అని వెళ్లిపోయింది.

పది రోజులు రాలేదు. జనం బోర్డు చదివి ముందు ఫోటోకి, తర్వాత కౌంటర్‌కి బుద్ధిగా వచ్చారు. గోల లేదు, గొడవ లేదు. అంత ప్రశాంతంగా ఉంటే తళుకుకి పిచ్చెక్కింది. తిట్లన్నీ గొంతులోనే నిలిచిపోయి, అన్నం కూడా దిగనివ్వలేదు. షాపు యజమానిని తిట్టింది, అద్దాన్ని తిట్టింది, ఎర్ర లైటు దగ్గర ఆగినందుకు పిన్నిని తిట్టింది.

"నన్నంటావేంటే?" అంది పిన్ని. "తిట్టాల్సినవాడు స్టూడియోలో ఉన్నాడు. వెళ్లు."

పదకొండో రోజు కంపెనీ నుంచి కబురొచ్చింది. ఎంపికైంది. 'మీసాల మొహం మీద రాగిని ఇంత మర్యాదగా వేసినవాళ్లు మీరొక్కరే' అని రాశారు. చేరడానికి గుర్తింపు కార్డు ఫోటో కావాలన్నారు. మొహం మీద మెరుపు ఉండకూడదట.

తళుకు తలుపు తోసింది. మెల్లగానే తోసింది. అతను లేచి నిలబడ్డాడు. కనుబొమ్మ చివర ఇంకా ఒక రాగి చుక్క పోలేదు.

"ఫోటో కావాలి. ఉద్యోగానికి."

అతని మొహం ఒక్కసారి వెలిగి, వెంటనే వాడింది. "స్కూలు... దూరమా?"

"బస్సులో నలభై నిమిషాలు."

"ఓహో." టిష్యూ డబ్బా ఆమె వైపు జరిపాడు. "మీరే తుడుచుకోండి."

"నేనెందుకు తుడుచుకోవాలి? రెండు నెలలు ఊళ్లో వాళ్ల మొహాలన్నీ తుడిచావుగా. కానియ్యి."

అతను టిష్యూ తడిపాడు. చెంప మీద బంగారం, రెప్ప మీద వెండి, ఒక్కొక్కటే టిష్యూలోకి వచ్చాయి. పిన్ని చెప్పింది నిజమే. నెమ్మదైన చెయ్యి.

"ఇంకా కోపంగానే ఉందా?" అన్నాడు.

"చాలా. ఒక రోజులో తీరేది కాదు."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"నీ జుట్టు నెరిసేదాకా తిడతాను. వింటావా?"

"వింటాను," అన్నాడు. టిష్యూ మడిచి బుట్టలో వేసి, "నువ్వు రోజూ వస్తే," అన్నాడు.

బయట బస్సు హారన్ మోగింది. కిటికీలోంచి యూనిఫాంలో ఉన్న పిన్ని తల బయటికొచ్చింది. "ఆదివారం నాకు సెలవు! అబ్బాయ్, మీ అమ్మగారిని ఇంటికి తీసుకురా! ఇక్కడ వెనక అరవైమంది తిడుతున్నారు, తొందరగా తలూపు!"

అతను తలూపాడు. బస్సు కదిలింది.

"ఇటు చూడు. నవ్వకు, కంప్యూటర్ ఒప్పుకోదు."

"ఎవరు నవ్వారు? కోపంగా ఉన్నానని చెప్పానుగా."

క్లిక్.

మర్నాడు పొద్దున్నే స్టూడియో తలుపు దబ్బున తెరుచుకుంది. క్యాలెండర్ కింద పడింది. టేబుల్ మీద కంపెనీవాళ్ల కాగితం వచ్చి వాలింది. 'ఫోటో తిరస్కరించబడింది. కారణం: మొహంపై మెరుపు ఎక్కువగా ఉంది.'

"ఇదేంటి?" అంది తళుకు, నడుం మీద చేతులు పెట్టుకుని.

అతను కుర్చీ లాగి వేశాడు. ఫ్యాన్ ఆమె వైపు తిప్పాడు.

"మొత్తం తుడిచాను. ఈసారి మాత్రం తప్పు నాది కాదు."